సంచీ, స్కూటరూ

ఆ రోజుల్లో నా పొట్టకి ఎడమ పక్కన ఒక సంచి అతికించి ఉండేది. పేగులో గడ్డ లేచి దారి మూసుకుపోతే, డాక్టర్లు ఆ ముక్క కోసి పారేసి, మిగిలిన పేగు కొసని పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. వెనకనుంచి పోవలసింది ముందునుంచి వచ్చి సంచిలో పడేది. తొంభైల నాటి మాట. దేశ రాజధానిలో, జనక్‌పురి అనే పేటలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు మాది. నేనూ, మా ఆవిడా, నాలుగో క్లాసు చదివే మా అమ్మాయీ ఉండేవాళ్ళం.

ఆ పేగు నోటికి మూసుకోవడం తెలియదు. ఆఫీసు మీటింగులో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడే దానికి మాటలొచ్చేవి. నేను కుర్చీ బరబరా జరిపేవాణ్ణి, లేని దగ్గు దగ్గేవాణ్ణి. సంగతి ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాకైతే నిజంగానే చించి పెట్టారు, ఇంక మళ్ళీ నేను చించుకోవడం ఎందుకు?

అవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది స్కూటర్ సంగతి. ఆపరేషన్‌కి ముందు అమ్మాయిని నేనే స్కూల్లో దింపేవాణ్ణి. నాకో ముతక కోటు ఉండేది, పైన రెండు జేబులు, కింద రెండు జేబులు. చలికాలం పొద్దున పొగమంచులో అమ్మాయి వెనక కూర్చుని, రెండు చేతులూ కోటు కింది జేబుల్లో దూర్చి, నా వీపుకి చెంప ఆనించుకునేది. ఇప్పుడు ఎడమ జేబు సరిగ్గా సంచి మీదికి వస్తుంది. అందుకని స్కూలు బస్సు మాట్లాడేశాను. కుట్లు పచ్చిగా ఉన్నాయి, వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దన్నారని దానికి చెప్పాను. కుట్లు ఎప్పుడో మానిపోయాయి. మేం తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబు చెప్పేది. "నాన్నా, టాంకే అభీ తక్ నహీఁ సూఖే?" అని అప్పుడప్పుడూ అడిగేది. కుట్లు ఇంకా ఆరలేదమ్మా అనేవాణ్ణి.

అందుకే, "లోపల అంతా బాగుంటే పేగు మళ్ళీ కలిపేద్దాం, సంచి పోతుంది" అని డాక్టర్ అన్నప్పుడు నాకు ఆ చివరి మాట ఒక్కటే వినపడింది. ముందు కొలొనోస్కోపీ చెయ్యాలన్నాడు. లైటున్న సన్నటి గొట్టాన్ని ఆ పొట్ట మీది నోట్లోంచే లోపలికి పంపి పేగంతా చూస్తారు. గడ్డ మళ్ళీ మొలిచిందేమోనని మా ఆవిడ భయం. నాకు మాత్రం సంచి పోతుందా, ఉంటుందా అన్నదే గొడవ.

పరీక్షకి ముందు రోజు తిండి బంద్. అడ్డం పెట్టి చూస్తే అవతలి మనిషి కనపడేంత తేటగా ఉన్నవే తాగాలి. ఆ తర్వాత ఒక పొడి పెద్ద జగ్గు నీళ్ళలో కలుపుకుని గ్లాసు మీద గ్లాసు దించాలి. అందరూ అయితే బాత్‌రూమ్‌కి పరిగెడతారు. నేను పరిగెత్తి ఏం లాభం, అంతా సంచిలోకేగా వచ్చేది. మామూలు సంచి ఆ వరదకి ఆగదని, కింద పెద్ద మూతీ దానికో క్లిప్పూ ఉన్న సంచులు తెచ్చుకున్నాం. బాత్‌రూమ్‌లో సంచి మూతి కమోడ్ లోపలికి వేలాడేసి అక్కడే కూర్చోవాలి. మా వీధిలో నీళ్ళు పొద్దునా సాయంత్రమే వచ్చేవి. మా ఆవిడ బకెట్లూ, డ్రమ్మూ, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా నింపి పెట్టింది.

ఇంత జాగ్రత్తపడ్డ మనిషి, పొద్దు వాలే వేళకి ఓ గ్లాసు పట్టుకొచ్చింది. పల్చటి మజ్జిగ. ఉప్పు, అల్లం, కొత్తిమీర, నలిపి వేసిన కరివేపాకు.

"మజ్జిగ తాగొచ్చంటావా?" అన్నాను.

"నీళ్ళేగా అండీ అది. చుక్క పెరుగుకి చెంబెడు నీళ్ళు పోశాను."

నిజమే అనిపించింది. మా గుంటూరు వాళ్ళం మజ్జిగని తిండి కింద లెక్కెయ్యం. జ్వరానికీ అదే, ఉపవాసానికీ అదే. గటగటా తాగేశాను, ఇంకో గ్లాసు కూడా అడిగాను.

మర్నాడు బల్ల మీద పడుకోబెట్టి, కొంచెం మత్తిచ్చి, గొట్టం పంపారు. పక్కనే టీవీ. నా పేగు గులాబీ రంగు సొరంగంలా కనపడుతోంది. డాక్టర్ పంజాబీ పెద్దాయన. ఉన్నట్టుండి ఆగి, తెర మీదికి వంగాడు.

"యే పత్తా కహాఁ సే ఆయా?"

ఆకేమిటా అని నేనూ చూశాను. కరివేపాకు. గోడకి స్టాంపు అంటించినట్టు పేగుకి అతుక్కుని ఉంది. దాని వెనక కొత్తిమీర కాడలు, తెల్లటి మడ్డి.

"కల్ క్యా ఖాయా థా?" నిన్న ఏం తిన్నావంటాడు.

"కుఛ్ నహీఁ సర్. సిర్ఫ్ ఛాఛ్." ఉత్త మజ్జిగేనన్నాను.

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఛాఛ్ కే ఆర్ పార్ దిఖతా హై క్యా?"

"మా ఇంట్లో మజ్జిగలోంచి అవతలి మనిషి కనపడతాడు సర్" అన్నాను హిందీలో. నర్సు మొహం అటు తిప్పుకుంది. ఏమీ తేల్చలేం, వచ్చే వారం మళ్ళీ రమ్మన్నాడు.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆటోలో ఇంటి దాకా మా ఆవిణ్ణి సాధిస్తూనే ఉన్నాను. అంతా విని, "రెండో గ్లాసు అడిగింది ఎవరు?" అంది. 

రెండోసారికి చలికాలం సెలవులొచ్చి అమ్మాయి ఇంట్లోనే ఉంది. పొద్దుటినుంచీ ఇల్లంతా నా విసుగే. సాయంత్రం బాత్‌రూమ్‌లో కూర్చుని ఉండగా సంచి అంచు ఊడి, నేలంతా పాడైంది. కొత్త సంచి పట్రమ్మని మా ఆవిణ్ణి కేకేశాను. పలకలేదు. కింది వాటా ఆంటీ దగ్గర నీళ్ళు తేవడానికి వెళ్ళిందట. మళ్ళీ అరిచాను. తలుపు సందులోంచి ఓ చిన్న చెయ్యి లోపలికి వచ్చింది, చేతిలో సంచి.

"యే వాలా న, నాన్నా? బడా వాలా?"

క్లిప్పుతో సహా సరైన పెద్ద సంచే. ఎక్కడ పెడతామో, ఏది దేనికో, అన్నీ దానికి తెలుసు. నాకు సిగ్గేసింది. తీసుకుని తలుపేసుకున్నాను. తర్వాత నేనూ ఆ ఊసెత్తలేదు, అదీ ఎత్తలేదు.

ఈసారి పేగు కడిగిన గిన్నెలా ఉందని డాక్టర్ మెచ్చుకున్నాడు. కింద మిగిలిన ముక్కని కూడా వెనకనుంచి చూశాడు. తర్వాత మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, పైనంతా శుభ్రం, గడ్డ జాడే లేదన్నాడు. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"మరి సంచి?" అన్నాను.

కింది ముక్క కుంచించుకుపోయిందట. కలిపినా అతుకు నిలవదట. "వో తో అబ్ రహేగా" అన్నాడు, మెత్తగా. ఇక అది ఉండేదేనట.

బయటికొచ్చాక మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "బతికుంటే బలుసాకు తినొచ్చండీ."

"తింటాను. అది కూడా స్కోపులో కనపడుతుంది" అన్నాను. ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ప్రాణం దక్కిందని సంతోషించాలని తెలుసు, కానీ ఆ రోజు నాకు ఏడుపే వచ్చింది. ఇంటికెళ్ళి, బాత్‌రూమ్‌లో చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. అలాగే ఏడ్చాను.

సెలవులయ్యాక ఒక పొద్దున పొగమంచులో స్కూలు బస్సు దాటిపోయింది. నేను కిందికి దిగేసరికి అమ్మాయి పుస్తకాల సంచితో స్కూటర్ పక్కన నిలబడి ఉంది.

"లేట్ హో రహా హై, నాన్నా."

తప్పలేదు. స్కూటర్ని ఓ పక్కకి వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టాను. "వెనక స్టెప్నీ పట్టుకుని కూర్చో" అన్నాను.  ఎక్కి కూర్చుని, నా చంకల కిందనుంచి చేతులు చాపి, వెతుక్కుని, కోటు పై జేబుల్లో దూర్చింది. చేతులు అంతదూరం అందాలంటే దాని చెంప నా వీపుకి గట్టిగా నొక్కుకోవాలి. నొక్కుకుంది.

"ఇక్కడైతే తగలదు కదా" అంది, తెలుగులో.

 బండి గేరులో వేశాను. మెయిన్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగేసరికి, చుట్టూ అందరూ చలికి ముడుచుకుని నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసి, నా పేగు గట్టిగా కూసింది. దగ్గుదామనుకున్నాను.

"నాన్నా, హార్న్ మత్ బజాఓ" అంది వెనకనుంచి. "రెడ్ లైట్ హై."

నేను కొట్టని ఆ హార్న్‌కి పచ్చ లైటు వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. అది మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.