బెరడు ఊడని పిల్ల

పల్లీలు ఒలిచేవాళ్లు పల్లీలు తింటారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. చేతిలో గింజ ఉంది, కడుపులో ఆకలి ఉంది, ఇక ధర్మం ఎక్కడ నిలబడుతుంది? పెద్దమందడిలో భూములున్న ఇంటి ఇల్లాలు లక్ష్మీదేవమ్మకు ప్రతి ఎండాకాలం ఇదే బాధ. విత్తనాల కోసం వసారా నిండా ఆడవాళ్లను కూర్చోబెట్టి పల్లీలు ఒలిపించేది. అంతమంది నోళ్లకు కాపలా కాయడం ఎవరి తరం? అందుకని భీమమ్మను పిలిపించేది.

భీమమ్మ ఒలిచేది తక్కువ, చెప్పేది ఎక్కువ. ఆమె కథ చెబుతుంటే మాటమాటకూ అందరూ ఊ కొట్టాలి. ఊ కొట్టే నోరు నమలలేదు, అదీ కిటుకు. ఎక్కడైనా ఊ తగ్గిందంటే ఆమె కథ ఆపేసేది. "ఎవలిదే ఆ నోరు? గింజన్న మింగు, కథన్న ఇను!" అనేది. దొరికిపోయినావిడ మొహం చూసి మేమంతా పకపకా నవ్వేవాళ్లం. మా అమ్మ ఒలవడానికి పోతే నేనూ వెంట పోయేదాన్ని. ఎన్నో తిట్లు తిన్నాను, గింజలూ తిన్నాను.

భీమమ్మది కృష్ణకు అవతల గద్వాల దిక్కు. సంతోషం వస్తే "హౌదు హౌదు" అని, అంటే అవునవునని, కన్నడం దొర్లేది ఆమె నోట. మనిషి పొడుగు, నలుపు, పై పళ్లు పెదవిని దాటి బయటికే ఉండేవి. పెండ్లిలో తెర తీయగానే మొగుడు మొహం పక్కకు తిప్పుకున్నాడట. ఈ ముచ్చట ఆమే నవ్వుతూ చెప్పేది. "తిప్పుకుంటె తిప్పుకునె, రొట్టె మాత్రం నా చేతిదే తిన్నడు గద!" అనేది. ఆ మొగుడు గత్తరలో, అదే కలరాలో, పోయాడు. పిల్లల్లేరు. అత్తగారి ఊళ్లోనే ఉండిపోయి, కూలికి పోతూ, కథలు చెబుతూ బతికింది. గయ్యాళి అన్నవాళ్లున్నారు. నిజమే, గయ్యాళే. కానీ ఆమె లేని రోజు వసారా చచ్చినట్టుండేది.

ఏ కథ మొదలుపెట్టినా ముందు ఒక మాట తప్పకుండా అనేది. "రూపంల ఏమున్నదే? కొరుక్క తింటమా? గుణంల ఉంటది అంత. పైన పటారం, లోన లొటారం ఉంటె ఏం లాభం?" అందరం ఊ అనేవాళ్లం. ఆ తర్వాత కథలోకి రాజకుమారి వచ్చేది. ఆమె పండు తింటే గొంతులో రసం దిగడం కనబడేదట, అంత తెల్లని ఒళ్లు! జుట్టు మడమల దాకా. సవతితల్లి మాత్రం నల్లగా, మెల్లకంటితో, ఎత్తుపళ్లతో ఉండేది. గుణమే గొప్పదని నోటితో చెప్పిన మనిషి, గుణవంతురాలికి ఒక్కదానికైనా ఒక్క మచ్చ పెట్టిందా? తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అప్పుడు ఆ తెలివి నాకేదీ? నేనూ ఊ కొట్టాను.

ఆ వసారాలో ఒక మూల మణెమ్మ కూర్చునేది. మా ఇంటి పక్కన కౌలుకు చేసుకునే కురుమూర్తి బిడ్డ, నా ఈడుది. చిన్నప్పుడే దాన్ని కొల్లాపూర్ దిక్కు రుక్కమ్మ కొడుక్కిచ్చి పెండ్లి చేశారు. పెద్దయ్యాక తీసుకుపోతామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత దానికి అమ్మవారు పోసింది. బతకడమే గొప్ప అన్నారు. బతికింది గానీ మొహం నిండా గుంటలు పడ్డాయి, ఎడమ కంటిలో పువ్వేసింది. అత్తగారివాళ్లు ఆ మొహం ఇంకా చూడలేదు. చూస్తే ఏమంటారోనని కురుమూర్తి ఇంట్లో అందరికీ గుబులే. మణెమ్మకు అందరికంటే ఎక్కువ.

యుద్ధం మొదలయ్యే ముందు ఎండాకాలం అనుకుంటాను, భీమమ్మ బెరడు పిల్ల కథ చెప్పింది. ఒక పిల్లకు పుట్టుకతోనే మొహం చింతబెరడు లాగా ఉంటుంది. తల్లి లేదు. సవతితల్లి అడవిలోకి తరిమేస్తుంది. పిల్ల చీమలకు తన రొట్టె పెడుతుంది, ఆవు కాలిలో ముల్లు తీస్తుంది, ఒక ముసలమ్మకు ఏడాది పాటు నీళ్లు మోస్తుంది, కాళ్లు పిసుకుతుంది. చివరికి ముసలమ్మ పిల్ల తల మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. బెరడంతా పెళపెళా ఊడి పడిపోతుంది.

"లోపల ఏముండెనే?" అని భీమమ్మ ఆగింది.

"ఏముండె, ఏముండె?" అని వసారా అంతా ఒక్కటే గోల.

"పసుపుకొమ్ము లెక్క పిల్ల! కండ్లు జిగేల్మనె!"

ఒలిచే చేతులు ఆగిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీదేవమ్మ కూడా చప్పట్లు కొట్టింది. అప్పుడు మణెమ్మ మూలలోంచి అడిగింది. "అవ్వా, దానికదే ఊడెనా?"

"గుణం పండినంక ఎందుకు ఊడదే? దానికదే ఊడ్తది," అంది భీమమ్మ, మంచి ఊపులో ఉంది.

మర్నాటి నుంచి మణెమ్మ పొద్దున్నే భీమమ్మ గుడిసెకు నీళ్లు మోయడం మొదలుపెట్టింది. వాగు చెలమ దగ్గర తోడుకుని, చిన్న నడుము మీద పెద్ద కడవ పెట్టుకుని వచ్చేది. సందెవేళ పోయి కాళ్లు పిసికేది. తన రొట్టెలో ముక్క తుంచి చీమల పుట్ట దగ్గర పెట్టేది. ఎవరి గొర్రె కుంటినా పరుగెత్తేది. వానలు పడ్డాయి, పంట వచ్చింది, చలి వచ్చింది, ఆ పిల్ల పని మానలేదు. భీమమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. బజారున పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పేది. "చూడుండ్రి, గుణమంటె గిట్ల ఉండాలె. మీ పిల్లలున్నరు ఎందుకు, తిననీకె తప్ప!"

మా అమ్మ ఇంటికొచ్చి ఆ మాటలన్నీ నా నెత్తిన వేసేది. మణెమ్మను చూసి నేర్చుకో అని రోజూ సాధింపే. నాకు మణెమ్మ అంటేనే కడుపుమంట పుట్టింది. ఆ పిల్ల అదంతా ఎందుకు చేస్తోందో మాలో ఒక్కరూ అడగలేదు. మంచి పిల్ల కాబట్టి మంచి చేస్తోంది, ఇక అడిగేదేముంది?

మళ్లీ ఎండాకాలం వచ్చింది, పల్లీలు ఒలిచే రోజులూ వచ్చాయి. ఒకనాడు రుక్కమ్మ కబురు పంపింది, మర్నాడు వచ్చి పిల్లను చూసి, తీసుకుపోవడానికి మంచి రోజు పెట్టుకుంటామని. ఆ పగలు భీమమ్మ వసారాలో ఏదో కొత్త కథకు గొంతు సవరించుకుంటోంది. మణెమ్మ లేచి వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

"అవ్వా, రేపు మా అత్త వస్తున్నది. ఇంక నేనేం జెయ్యాలె?"

"ఏం జేస్తవ్ బిడ్డా? జర మంచిగ తల దువ్వుకో, మంచి చీర కట్టుకో."

"గది గాదు. బెరడు ఊడనీకె ఇంకేం జెయ్యాలె? నీళ్లు మోసిన, కాళ్లు పిసికిన, చీమలకు పెట్టిన. ఏడాదాయె. ఇంక ఊడలేదు."

మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మేనేమో. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. మణెమ్మ మొహంలో వేళాకోళం లేదు. అడగడానికి ఇన్నాళ్లు సిగ్గుపడి, ఇక గడువు లేక అడిగింది పాపం.

"అది కథనే బిడ్డా," అంది భీమమ్మ.

"గుణం పండితె ఊడ్తదంటివి గద. నాకు గుణం లేదా అవ్వా?"

"అయ్యో, గట్లంటవేందే! నీ అంత గుణం ఎవలకున్నది?"

"మరి ఎందుకు ఊడలేదు?" పిల్ల ఆమె పళ్ల వైపు చూసింది. తర్వాత ఏ పొగరూ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "నువ్వు గూడ మంచిదానివే గద అవ్వా. నీ పండ్లు గూడ గట్లనే ఉండె. నువ్వేం తప్పు జేసినవ్?"

భీమమ్మ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఎన్నడూ పళ్లు దాచుకోగా నేను చూడలేదు. ఊళ్లో ఎవరు ఎంత మాటన్నా అంతకు రెండింతలు అప్పజెప్పే మనిషి, ఒడిలోని కాయలు చాటలోకి వంపేసింది. తర్వాత లేచి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. సిగ్గుపడింది. నిలువునా సిగ్గుపడింది. తన కథ ఆ పిల్లకు ఏం చెప్పిందో అప్పుడే ఆమెకు తెలిసిందనుకున్నాం. మొహాన మచ్చలున్నాయంటే లోపల మంచి చాలలేదని ఏడాదిగా ఆ పిల్ల నమ్ముతూ వస్తోంది. మా అందరికీ తల కొట్టేసినట్టయింది. ఆ కథకు ఊ కొట్టింది మేమే కదా.

మర్నాడు రుక్కమ్మ వచ్చింది. కురుమూర్తి మంచం వేసి కూర్చోబెట్టాడు. చుట్టుపక్కల ఆడవాళ్లం గోడ వార నిలబడ్డాం. ఎవరూ పిలవకుండానే భీమమ్మ వచ్చింది. ఎందుకు వచ్చిందో మొహం చూస్తేనే తెలిసింది. ఎట్లాగైనా ఆ పిల్ల కాపురం నిలబెట్టి, నిన్నటి సిగ్గు కడుక్కుందామని వచ్చింది.

మణెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. రుక్కమ్మ చెంబు అందుకుంటూ తలెత్తి చూసింది. చూసి, చెంబును అట్లాగే కింద పెట్టింది. ఒక్క గుక్క తాగలేదు.

"అమ్మోరు పోసిందని చెప్పలేదేంది?" అంది కురుమూర్తితో.

భీమమ్మ ముందుకొచ్చి నేల మీద కూర్చుంది. "రూపంల ఏమున్నది రుక్కమ్మా? ఈ పిల్ల గుణం నేను చూసిన. ఊర్ల ఎవలనన్న అడుగు."

"గుణం మంచిదే కావొచ్చు అక్కా, నేను కాదంటలేను. నా కొడుకు పొద్దుగాల లేస్తె ఏం జూడాలె? గుణమా?"

రుక్కమ్మను తిట్టిపోయాలని ఉంది నాకు. కానీ ఆమె మాట కొత్తదేమీ కాదు. మేం ఊ కొట్టిన కథల్లోని మాటే, ముసుగు లేకుండా అంది. భీమమ్మకు ఏం తోచిందో, గబగబా మొదలుపెట్టింది. "ఒక్క ఏడు ఆగు రుక్కమ్మా! నేను పసుపు పట్టిస్త, వేపాకు పట్టిస్త. ఈ మచ్చలన్ని ఊడిపోతయి. లోపల పసుపుకొమ్ము లెక్క పిల్ల! నా మాట నమ్ము."

అవే మాటలు. ఆ పిల్లను నిలబెట్టడానికి వచ్చి కూడా, దాన్ని ఉన్నదున్నట్టు చూపించే మాట ఆమెకు ఒక్కటీ దొరకలేదు. నలభై ఏండ్లు కథలు చెప్పిన నోరు.

"పోవు," అంది మణెమ్మ.

అందరం అటు చూశాం. తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "పోవు అత్తా. అది కథ. అవ్వనే నిన్న చెప్పింది. నా మొహం గిట్లనే ఉంటది."

రుక్కమ్మ లేచింది. "మంచిది, కబురు చేస్తం," అని కొంగు దులుపుకుని నడిచింది. మా దిక్కున కబురు చేస్తామంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. కురుమూర్తి పశువుల దొడ్డివైపు పోయాడు. ఆ కబురు ఎన్నటికీ రాలేదు. ఏడాది తిరగకుండా రుక్కమ్మ కొడుక్కి ఇంకో పెండ్లి అయిందని విన్నాం.

భీమమ్మ మాత్రం ఆ నేల మీదనే కూర్చుని ఉంది. మణెమ్మ వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"అవ్వా, నాకు తెల్వక జేసిన. నీకెరికె గద, ఊడదని. మరి ఏడాది నన్ను ఎందుకు ఆపలే?"

నువ్వు ఎందుకు చేస్తున్నావో నాకేం తెలుసే అని అంటుందనుకున్నాను. అంటే మేమంతా నమ్మేవాళ్లం, మాకూ తెలియదు కాబట్టి. భీమమ్మ అట్లా అనలేదు.

"పొద్దుగాల నీళ్లు పోసి, నా బాన నీళ్లలకు వంగి మొహం జూసుకునేదానివి," అంది. "దినాం జూసుకుంటుంటివి. నేను చాప మీద పండుకొని జూస్తనే ఉంటి. ఎందుకే అని అడగలే. అడిగితె నువ్వు రావు. కాళ్లు పిసుకుతుంటె సుఖముండె బిడ్డా."

మణెమ్మ కింద ఉన్న చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఒక్కొక్కరే అందరం కదిలాం. భీమమ్మను లెమ్మని ఎవరూ అనలేదు.