గుల్లపొడి మీద నిమ్మరసం

మా సంఘపెద్ద చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. చిన్నప్పుడు నాకు బైబిలు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. ఆదివారం ప్రార్థన నడిపించేవాడు, మిగతా రోజుల్లో కళింగపట్నం తీరంలో ఏరిన గుల్లల్ని మరపట్టించి ఆ పొడి అమ్మేవాడు. మావి పులుపెక్కిన ఎర్రనేలలు. గుల్లపొడిలో ఉండే సున్నం పడకపోతే వేరుశనగ కాయలో పప్పు కట్టదు. ఆయన ప్రతి రైతు ముందూ బస్తా విప్పి, గుప్పెడు పొడి మీద నిమ్మరసం పిండేవాడు. పొడి బుసబుసా పొంగేది.

"సూసినావా? రాతిపొడైతే ఇలా పొంగదు" అనేవాడు.

మా బస్తాలు దించిన రోజు మాత్రం ఆయన చెయ్యి జేబులోకి పోలేదు. నేనే అడిగాను, "నిమ్మకాయ ఏదన్నయ్యా?"

"దేవుడి బిడ్డల మధ్యన పరీక్షలేటి సెల్లెమ్మా" అని నవ్వాడు. అడిగినందుకు నాకే సిగ్గేసింది. ఆ పొడంతా దుక్కిలో చల్లించాను.

పంట పీకితే అన్నీ తాలుకాయలే. బస్తా అడుగున మిగిలిన పొడి మీద నిమ్మరసం పిండాను. తడిసిందే తప్ప పొంగలేదు.

ఆదివారం చర్చి గుమ్మంలోనే అడిగాను. "మాకమ్మింది ఏటన్నయ్యా?"

"నేల మారడానికి టైము పడతాది. నీకు ఓర్పు సాల్లేదు" అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి.

ఆ రోజు ఆరాధనలో కళ్లు మూసుకుని, గొంతు వణుకుతుండగా నా పొలం కోసం ప్రార్థించాడు. సంఘమంతా ఆమేన్ అంది. నా పొలం కోసం చేసిన ప్రార్థనకు నేనొక్కదాన్నే ఆమేన్ అనలేకపోయాను.