పదో కుప్ప

నాకు గురి అస్సలు లేదు. ఇది దాచుకునే సంగతేమీ కాదు, మా బ్యాచ్‌లో అరవై మందికీ తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో ఖాకీ బట్టలు వేసుకుని కేడెట్‌గా చేరాను. మొదటిసారి రైఫిల్ పట్టుకుని ఐదు గుండ్లు కాలిస్తే, నా టార్గెట్ కాగితం అంగడిలోంచి అప్పుడే తెచ్చినట్టు కొత్తగానే ఉంది. నా పక్కన పడుకుని కాల్చింది బాల్కొండ అమ్మాయి. ఆమె కాల్చినవీ ఐదే, కానీ ఆమె కాగితంలో ఏడు చిల్లులున్నాయి. ఆ ఎక్కువ రెండూ నావి. మిగిలిన మూడూ ఎటు పోయాయో టార్గెట్ల వెనకున్న గుట్టకే తెలియాలి.

మా ఉస్తాద్ నా కాగితాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉస్తాద్ అంటే మాకు పరేడ్ నేర్పే హవల్దార్. బోధన్ మీదుగా పోయి సాలూర దాటితే మహారాష్ట్ర వస్తుంది, అక్కడ బిలోలి దగ్గర పల్లె ఆయనది. ఇంట్లో మరాఠీ, పరేడ్‌లో హిందీ, మాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవాడు.

"బేటీ, దుష్మన్ నీ ముందర నిలవడితె వానికేం ఫికర్ లేదు. నీ పక్కన నిలవడ్డోడే జర పైలంగుండాలె" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. వెనక్కి వచ్చేసి, ఊరికే నిలబడితే ఏడుపొస్తుందని గడ్డిలో పడ్డ ఖాళీ తూటాలు ఏరడం మొదలుపెట్టాను. గుండు దూసుకుపోయాక రైఫిల్ పక్కకు విసిరేసే చిన్న ఇత్తడి గొట్టాలు అవి. వాటిని ఖోఖాలు అనేవాళ్లం. చిటికెన వేలి కొసంత ఉంటాయి. అప్పుడే పడ్డవైతే వెచ్చగా ఉండి, దీపావళి మర్నాడు వాకిలి ఊడుస్తుంటే వచ్చే వాసన వస్తాయి. ఏరినవన్నీ ఒక గోనెసంచి మీద కుప్పలు పెట్టాను. ఇరవై ఐదుకొక కుప్ప. అలా పెట్టమని ఎవరూ చెప్పలేదు, నా చెయ్యే పెట్టింది. మా అవ్వ బీడీలు చుడుతుంది; మా వైపు అమ్మను అవ్వ అంటాం. నిజామాబాద్‌లో మా గల్లీలో అందరి ఒళ్లోనూ బీడీల చాట ఉంటుంది. బడి నుంచి వచ్చి అవ్వ పక్కన కూర్చుని కట్టలు కట్టి పెరిగినదాన్ని నేను. బీడీ కట్టకు ఇరవై ఐదు.

అంతకుముందు ఆ పని అబ్బాయిలు చేసేవాళ్లు. ముగ్గురు ఏరి, మూడు లెక్కలు చెప్పి, పొద్దుగూకేదాకా కొట్లాడుకునేవాళ్లు. ఉస్తాద్ నా కుప్పల ముందు కాసేపు నిలబడ్డాడు.

"ఎవలు నేర్పిన్రు?"

"మా అవ్వ. బీడీలు చేస్తది."

"అయితె ఇగ ఖోఖాల పని నీదే."

గురి లేనిదానికి అలా రేంజ్‌లో, అంటే కాల్పుల మైదానంలో, ఒక పదవి దొరికింది. చిన్నదేమీ కాదు. పెట్టెలో ఎన్ని గుండ్లు వస్తాయో అన్ని ఖోఖాలు తిరిగి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా అక్కడి నుంచి ఒక్కరూ కదలకూడదు. అంత పని ఈ పిల్లకా అని ఉస్తాద్ పైఅధికారి సుబేదార్ సాబ్ మొహం చిట్లిస్తే ఉస్తాద్ నా ముందే ఆయనతో అన్నాడు, "బీడీలు చేసే ఇంటి పిల్ల, సాబ్. ఈ చెయ్యి లెక్క తప్పది." ఆ మాటతో నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఆ తర్వాత రెండుసార్లు సగం బ్యాచే కాల్చింది. నూటయాభై గుండ్లు, ఆరు కుప్పలు. రెండుసార్లూ లెక్క సరిపోయింది.

మూడోసారి బ్యాచ్ మొత్తం కాల్చింది. మూడు వందల గుండ్లు. వానలు కాస్త తెరిపిచ్చిన రోజులు. రేంజ్ బోధన్ రోడ్డు దిగి లోపలికి నడిస్తే గుట్ట కింద ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గిపోయిందని అందరూ అంటారు గానీ, ఆ రేంజ్‌కు మూడు వైపులా అప్పటికీ చెరకే. గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది.

మర్నాడు పోలా. మేము పొలాల అమావాస్య అంటాం, ఉస్తాద్ ఊరివాళ్లకది ఎద్దుల పండగ. ముందు రోజు సాయంత్రమే ఎద్దులకు కాడి ఒరుసుకున్న మెడల మీద వెన్న, పసుపు కలిపి మర్దన చేస్తారట. ఏడాదంతా మోసిన మెడకు ఆ ఒక్క పూట యజమాని చెయ్యి తగలాలట. రెండేళ్లుగా ఉస్తాద్‌కు ఆ పూట సెలవు దొరకలేదు. ఈసారి దొరికింది. ఖోఖాలు అప్పజెప్పగానే సెలవు మొదలు, నాలుగింటికి రోడ్డు మీద బస్సెక్కితే దీపాలవేళకు ఊళ్లో ఉంటాడు. ఆయన సంచిలో రంగు కుచ్చులు, ఇత్తడి గజ్జెలు ఉన్నాయి. ఆ పొద్దున ఎవరు పలకరించినా సంచి విప్పి చూపించాడు.

రెండింటికి ఫైరింగ్ అయిపోయింది. నేను గోనెసంచి పరిచి లెక్కకు కూర్చున్నాను. పదకొండు కుప్పలు నిండాయి. పన్నెండోదాంట్లో ఇరవై నాలుగే ఉన్నాయి. మళ్లీ కలిపేసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఇరవై నాలుగే.

అరవై మందిమి వరసగా మోకాళ్ల మీద కూర్చుని తడి గడ్డి దువ్వాం. జేబులు తిరగేశారు, బూట్లు విప్పించారు, కాలర్లు దులిపించారు. ఒక గుండీ, ఒక జడపిన్ను దొరికాయి గానీ ఖోఖా దొరకలేదు. బాల్కొండ అమ్మాయి నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది, "నిజం జెప్పు, ఇంటికి తీస్కపోదామని నువ్వే దాసినవా?"

దాని మీద ఇంతెత్తున లేచాను. ఇప్పుడు ఒప్పుకోవడానికేముంది, ఒక్క ఖోఖా అవ్వకు తీసుకెళ్లి చూపించాలని నాకు మొదటి రోజు నుంచీ ఉంది. తీయలేదు. కానీ మనసులో ఉన్నందుకే అంత గట్టిగా అరిచాను.

సుబేదార్ సాబ్ ఉస్తాద్‌తో ఇంకెవరితోనైనా లెక్కపెట్టించమన్నాడు.

"జరూరత్ లేదు, సాబ్. ఆమె లెక్క సరిగ్గనే ఉంటది. ఖోఖా గడ్డిలనే ఉన్నది" అన్నాడు ఉస్తాద్. అని తనే మోకాళ్ల మీద కూర్చుని వెతకసాగాడు.

నాలుగింటికి రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. ఉస్తాద్ తలెత్తి చెరకు పైనుంచి ఆ వైపు చూశాడు. మళ్లీ గడ్డిలోకి వంగాడు.

బస్సు వెళ్లిన చాలాసేపటికి ఆయన వచ్చి గోనెసంచికి అవతల కూర్చున్నాడు. "ఇంకొక్కపారి పెట్టు, బేటీ. నేను ఊకెనే సూస్త" అన్నాడు. పైకే లెక్కపెడుతూ కుప్పలు పెట్టాను. పదో కుప్ప అయ్యాక ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇరవై అయిదు అన్నవు. దాని ఎన్కల ఇంకోటి పెట్టినవు. గదేంది?"

"గది పదో కట్ట గద, ఉస్తాద్. పదో కట్టల ఒకటి ఎక్కువ పెడ్తం" అన్నాను. ఆ మాట నా చెవిన పడ్డాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

అది మా అవ్వ పద్ధతి. కార్ఖానాలో బీడీలు చూసే అతను బాగా లేదని ఒకదాన్ని తీసి పడేస్తే లెక్క తగ్గుతుంది. అందుకని ప్రతి పదో కట్టలో ఒక బీడీ ఎక్కువ పెడుతుంది, నోటితో లెక్కపెట్టకుండా. 'ఒకటి ఎక్కువైతె మాట పడం, ఒకటి తక్కువైతె పడ్తం' అంటుంది. పదేళ్లు ఆ పక్కనే కూర్చున్న చేతికి బీడీ ఏదో తూటా ఏదో తెలియలేదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదో కుప్పలో ఇరవై ఆరు పెట్టింది.

ఉస్తాద్ పదో కుప్పలోంచి ఒకటి తీసి పన్నెండోదాంట్లో వేశాడు. లేచి సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లి, "సరిపోయింది, సాబ్. గల్తీ నాది, నేను సక్కగ సూడలె" అన్నాడు. సుబేదార్ సాబ్ ఒక బీడీ కాలినంత సేపు ఆయన్ని తిట్టాడు. నాకు నోరు లేదని మా గల్లీలో ఎవరూ అనరు. ఆ రోజు మాత్రం తప్పు నాదని చెప్పలేకపోయాను. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

ఇంటికొచ్చి అంతా చెబితే అవ్వ చాట పక్కన పెట్టింది. నన్ను తిట్టలేదు, తన పద్ధతిని వెనకేసుకురాలేదు.

"మరి ఎడ్లకు పసుపెవలు రాసిన్రో" అంది.

కమ్మర్‌పల్లి నుంచి మా పెద్దమ్మ పంపిన పసుపు డబ్బా తీసి, దోసెడు పసుపు కాగితంలో పోసి, బీడీలు కట్టే దారంతోనే పొట్లం కట్టింది. "పొద్దుగాల మొదటి బస్సుకు పోతడు. నువ్వే ఇచ్చి రావాలె, బిడ్డా."

తెల్లారి బస్టాండులో ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కదిలినప్పుడల్లా సంచిలో గజ్జెలు మోగుతున్నాయి. పొట్లం ఇస్తే వాసన చూసి, కళ్లకద్దుకుని, గజ్జెల మధ్య పెట్టుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"నిన్న మీరొక్కపారి లెక్కవెడితె బస్సు దొరుకుతుండె గద, ఉస్తాద్. ఎందుకు పెట్టలె?"

ఆయన ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. "నువ్వు పెట్టినవు గద, బేటీ" అన్నాడు. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయాడు. నేను చెరకు రసం బండి చాటున నిలబడి ఏడ్చాను. ఏమైందని బండి అతను అడిగితే కంట్లో పొగ పడిందన్నాను. అక్కడ పొగ ఏమీ లేదు.

చలికాలంలో బ్యాచ్ మొత్తానికి మళ్లీ ఫైరింగ్ వచ్చింది. ఇక ఆ పని అబ్బాయిలకే ఇస్తారని నేను వెనక వరసలో నిలబడ్డాను. ఉస్తాద్ నడుచుకుంటూ వచ్చి, సుబేదార్ సాబ్ చూస్తుండగానే గోనెసంచి నా చేతిలో పెట్టాడు.

ఏరాను. కూర్చున్నాను. పైకి లెక్కపెడుతూ తొమ్మిది కుప్పలు పెట్టాను. పదోదాంట్లో ఇరవై ఐదు అనగానే నా చెయ్యి దానంతటదే ఇంకొకటి అందుకుంది. ఆయన చూస్తున్నాడేమోనని తలెత్తాను. ఆయన నాకు వీపు పెట్టి చెరకు వైపు తిరిగి నిలబడ్డాడు. చేతిలోది పదకొండో కుప్పకు పెట్టి మిగిలినవి లెక్కపెట్టాను.

"అయిందా?" అన్నాడు ఇటు తిరగకుండానే.

"అయింది, ఉస్తాద్."

ఎన్ని వచ్చాయో నేనింకా చెప్పనే లేదు. ఆయన సుబేదార్ సాబ్‌కు వినబడేలా గట్టిగా చెప్పాడు, "మూడు వందలు, సాబ్."