బీబమ్మ పోసిన ఏడు బిందెలు

1957 చివర్లో నేను అనంతపురం డిపోలో ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని. జిల్లాలోని పెట్రోల్ బంకులన్నీ తిరిగి ట్యాంకులు, పంపులు సరిగా ఉన్నాయో లేదో చూడటం నా పని. ఆ ఏడే మాకు కొత్త సరుకు మొదలైంది. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలిపోయే మొలాసిస్, అంటే నల్లటి మడ్డిని పులియబెట్టి పవర్ ఆల్కహాల్ తీసేవారు. నాలుగు పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు దాన్ని కలిపి పంపేవారు. పారబోసే మడ్డితో బస్సులు నడవడమంటే నాకు మహా సంబరం. ఎవరైనా దాన్ని వెక్కిరిస్తే ఊరుకునేవాణ్ణి కాదు.

ఉరవకొండలో ఉన్నది ఒకటే బంకు, ఖాదర్ బాషాది. లారీ డ్రైవర్‌గా ఉండగా ప్రమాదంలో కాలు విరిగి, మళ్లీ క్లచ్ తొక్కలేక ఆ బంకు పెట్టుకున్నాడు. అది పోతే అతనికి మరో పని లేదు. కొత్త సరుకు దింపిన మూడో రోజే ఓబుళ్‌రెడ్డి బస్సులు రెండు దారిలో ఆగిపోయాయి. ఆయన అర్జీ పెట్టాడు. మా ఆఫీసర్ నన్ను పిలిచి, "రెండు రోజుల్లో కారణం తేల్చు. తేలకపోతే బంకుకు తాళం వేసి తాళంచెవి పట్టుకుని రా. ఆ వైపు కొత్త సరుకు కూడా ఆపేద్దాం" అన్నాడు.

నేను బస్సు దిగేసరికి బంకు ముందు జనం. ఆ రోజుల్లో మా జిల్లాలో మద్యనిషేధం. ఓబుళ్‌రెడ్డి నన్ను చూసి గొంతు పెంచాడు.

"ఏమప్పా ఇన్‌స్పెక్టరూ, పెట్రోల్లో సారాయి కలిపినారంట గదా! నా బస్సు తాగి కూడేరు మిట్టకాడ పడిపోయినాది. దాన్నెవురు పట్టుకుంటారు, పోలీసులా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

ఖాదర్ బాషా నన్ను పక్కకు లాగాడు. "అన్నా, అల్లా మీద ఆన. నేను చుక్క కూడా కల్తీ చేయలేదు. మీరు పోసింది పోసినట్టే ఉండాది" అన్నాడు. నేను అడక్కముందే, ట్యాంకులోంచి తీసి చూడమని గాజు సీసా తెచ్చిచ్చాడు. కల్తీగాడు అలా తెచ్చివ్వడని నాకెందుకో అనిపించింది.

భూమిలో పాతిన ట్యాంకు అడుగునుంచి కొంచెం తీసి ఆ సీసాలో పోసి నీడన కదలకుండా పెట్టాను. కాసేపటికి సీసాలో రెండు పొరలు తేలాయి. పైన పెట్రోల్, కింద నీళ్లూ ఆల్కహాలూ కలిసిన మసక ద్రవం. అంటే ట్యాంకులో నీళ్లున్నాయి. ఎలా వచ్చాయి? ఆ ఏడు వాన చుక్క రాలలేదు. మూత బిగుతుగానే ఉంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడు తనిఖీలో డిప్ రాడ్, అంటే లోతు కొలిచే కడ్డీ, దానికి నీటి జాడ పట్టే పేస్ట్ పూసి దింపాను. అడుగున మూడు వేళ్ల నీళ్లు చూపించింది. పంపు పీల్చే పైపు అంతకంటే పైనే ఉంటుంది కదా, ఏం కాదులే అని సంతకం పెట్టేశాను. వట్టి పెట్రోల్ అయితే నిజంగానే ఏం కాదు. నీళ్లు కింద పడుకుంటాయి, పెట్రోల్ పైన తేలుతుంది. ఆల్కహాల్ అలా కాదు. నీళ్లు కనిపిస్తే పెట్రోల్‌ను వదిలేసి వాటితో చేరుతుంది. అలా ఆ పొర పెరిగి పెరిగి పైపును అందుకుంది. కొత్త సరుకుకు ముందు ట్యాంకు పొడిగా ఉండాలని కాగితం నాకు వచ్చింది, చదివాను కూడా. అయినా ఈ ట్యాంకు మళ్లీ చూడలేదు.

"ఈ ట్యాంకులో నీళ్లెవరు పోశారు?" అని అడిగాను.

గుమ్మం దగ్గర రాగులు చెరుగుతున్న ఖాదర్ తల్లి బీబమ్మ చేట కింద పెట్టింది. "నేనే పోసినానప్పా. బంకు పెట్టిన నాడు, ఎవురూ చూడకముందే. ఏడు బిందెలు."

"ఎందుకమ్మా?"

"కొత్త కుండైనా, కొత్త తొట్టైనా మొదట నీళ్లే గదా పోస్తాము. ఎండు తొట్టి పెడితే ఇల్లు ఎండుతాదంటారు. ఆ పొద్దు బావి యాడుండాదో తెల్సునా నీకు? మైలు దూరం. మోసుకొచ్చి పోసినా." ఆమె నా ముఖంలోకి చూసింది. "నీళ్లు పోస్తే చెడిపోయేది కూడా ఉంటాదా నాయనా?"

ఖాదర్ బాషా తల పట్టుకుని కూలబడ్డాడు. నాకు ఆమె మీద కోపం రాలేదు. నా మీద నాకే వచ్చింది. ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

పోస్టాఫీసు నుంచి ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. "సార్, సరుకులో లోపం లేదు, బంకువాడి తప్పూ లేదు. నేను నీళ్లు చూసి వదిలేశాను. నాలుగు రోజులు ఇవ్వండి. కుదరకపోతే తాళంచెవితో పాటు నా రాజీనామా తెస్తాను." ఆయన, "నాలుగంటే నాలుగే" అన్నాడు.

ట్యాంకులో ఉన్నదంతా చేతిపంపుతో డ్రమ్ముల్లోకి తోడాం. లోపల ఆవిరి ప్రాణం తీస్తుంది కాబట్టి ఎవరినీ దిగనివ్వలేదు. వెదురు కర్రకు పాత దుప్పటి చుట్టి, అడుగు ఒత్తి, పిండి, మళ్లీ ఒత్తాం. కుంటుతూనే ఖాదర్ బాషా నాకంటే ఎక్కువ పనిచేశాడు. మూత తీసి ఎండకూ గాలికీ వదిలేశాం. జన్మంతా తిట్టుకున్న ఆ కరువు ఎండ మొదటిసారి మా పక్షాన నిలబడింది. కడ్డీ మూడుసార్లు దింపినా పేస్ట్ రంగు మారలేదు.

నాలుగో రోజు కొత్త లోడు దింపి, ఓబుళ్‌రెడ్డి బస్సుకే మొదట పోశాం. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. కూడేరు మిట్ట వచ్చింది. బస్సు ఆగకుండా ఎక్కేసింది. వెనక నుంచి ఓబుళ్‌రెడ్డి అరిచాడు: "తాగినా బాగానే పోతాండాదప్పా!" ఈసారి నేనూ నవ్వాను.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా ఒకటే అలవాటు. ఏ బంకుకు వెళ్లినా, కడ్డీ దింపే ముందు ఆ ఇంటివాళ్లను కూర్చోబెట్టి ట్యాంకు కథ మొదటినుంచి అడిగేవాణ్ణి. నీళ్ల జాడను పేస్ట్ చూపిస్తుంది కానీ అవి ఎందుకు వచ్చాయో మనుషులే చెప్పాలి. అడగనిది నా తప్పు.

మరుసటి ఏడు వానాకాలంలో నేను ఉరవకొండలో ఉండగానే చాన్నాళ్లకు పెద్ద వాన పట్టుకుంది. వీధి వీధంతా బిందెలు, గంగాళాలు, చేతికందిన గిన్నెలు పట్టుకుని బయటికి ఉరికింది. బీబమ్మ కూడా ఉరికింది, కానీ చేతిలో బిందె లేదు. టార్పాలిన్ తెచ్చి ట్యాంకు మూత మీద కప్పి, దాని మీద తానే కూర్చుంది. పిలిచినా రాలేదు. వాన వెలిసేదాకా తడుస్తూ అక్కడే కూర్చుంది.