మా అత్త కావలి కాసిన అడుగు

కూసో బిడ్డా, గట్ల తలుపు కాడ నిలవడి రాస్తే అచ్చరాలు వంకర వోతయ్. మంచిగ కూసొని సక్కగ ఇను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఆ రోజులల్ల మనుషులు దేవునికి మొక్కిన్రంటే కాళ్లు, కడుపు, నిద్ర అన్నీ దేవునికే అప్పజెప్పినట్టు. ఇప్పటోళ్ల లెక్క కొండ మీదికి కారేసుకొని పొయ్యి దిగొచ్చుడు గాదు. మా పెండ్లైన ఏడే మీ తాతకు టైఫాయిడ్ వచ్చింది. వాళ్లమ్మను, అంటే మా అత్తను, పాతబస్తీల మా గల్లీ మొత్తం బర్లవ్వ అని పిలుద్దురు (బర్లు ఉండె గద, ఉస్మాన్‌గంజ్ చాయ్ హోటళ్లకు పాలు మేమే పోద్దుము). ఆమె దేవుని పటం ముందట నిలవడి, "ఏడుకొండలోడా, నా కొడుకును లేపు. నేనూ నా కోడలు నీ కొండదాక నడిసొస్తం, యాడ బండి ఎక్కం" అని మొక్కింది. నన్ను అడిగిందా? అడగలే. నేను ఆడనే పొయ్యి కాడ గంజి కాస్తున్న. "అత్తమ్మా, తిరుపతి ఎంత దూరం?" అన్న. "దగ్గర్నే" అన్నది.

మీ తాత లేచి తిరుగుడు మొదలువెట్టంగనే, కొండకు నడిసిపొయ్యే ఒక గుంపుతోని బయలెల్లినం. మా గుంపుకు పెద్ద భజన తాత. మస్తు కట్టుదిట్టం మనిషి, ఎవ్వలన్న చెట్టు నీడకు ఆగినా తాళాలు గట్టిగ కొట్టేటోడు. దగ్గర్నే అన్న తిరుపతికి ఐదు దినాలు నడిస్తే పాలమూరు వచ్చింది. నా కాళ్లు వాచి ఉబ్బిన పూరీల లెక్కయినయ్, కడియాలు తీసి కొంగున కట్టుకున్న. భజన తాత సత్రంల దిగి, "రేపు ఆరాం దినం. కాళ్ల వాపు దిగాలె, బట్టలు ఉతుక్కోవాలె" అన్నడు. ఆరాం అంటే నాకు గుర్తొచ్చింది గద్వాల. ఆడ మా అక్క ఉండె. ముందటి రెండు కాన్పులు దక్కలే, మూడో పిల్ల దక్కింది. "ఒక్కసారి వచ్చి నా బిడ్డను సూసి పోవే" అని మేం బయలెల్లే ముందట జాబు రాసింది. మా నడక తొవ్వ గద్వాల దిక్కు పోదు, రైలు మాత్రం పాలమూరు కెళ్లి సీదా పోతది, పొద్దున పోతే పొద్దుగూకేసరికి రావొచ్చు. ఆ మాట అత్తతోని ఎట్ల చెప్పాలె? తెల్లారంగనే పప్పు ఏరుకుంట మెల్లగ చెప్పిన. భజన తాత ఇన్నడు. "రైలెక్కితే మొక్కు తెగినట్టే. నువ్వు మల్ల నీ గల్లీ కాడికి వోయి మొదలువెట్టాలె" అన్నడు.

అప్పుడు మా అత్త లేచింది. నా రెక్క పట్టుకొని సత్రం ముందటికి గుంజుకపొయ్యింది, ముందటి దినం పొద్దుగూకినంక మేం నడక ఆపిన బండ మీద నన్ను నిలవెట్టి, పొయ్యిలకెళ్లి తెచ్చిన బొగ్గుతోని నా కుడికాలు సుట్టూ గీత గీసింది. "తాతా, నడక యాడ ఆగింది? గీడ. మల్ల గీడికెళ్లే మొదలైతే తెగినట్టెట్ల? పొల్ల పోతది. పొల్ల అడుగు గీడ్నే ఉంటది." "ఎవ్వలన్న తొక్కితే?" "నేనుంట గద కావలి." తాత గడ్డం గోక్కున్నడు. "సరే. పొద్దుగూకేసరికి ఆ గీతల ఆ కాలే పట్టాలె. పట్టకుంటె మొక్కు పొయ్యినట్టే." "అత్తమ్మా, మొక్కు తెగి ఆయనకేమన్నైతే?" అన్న. "కొడుకు నావోడు, మొక్కు నాది. నీకేం ఫికర్? పో" అని రొండికెళ్లి ఒక గుడ్డమూట తీసిచ్చింది. ఇప్పి సూస్తె చార్మినార్ కాడ కొన్న పసిపిల్లల నల్లగాజులు! అంటే పట్నంల బయలెల్లే ముందటనే కొని పెట్టుకున్నది. నేను అడుగుతనని ఆమెకు అప్పుడే ఎరుక.

రైల్ల నేను కాళ్లు కిందికి దింపలే. నడిచే పాదం బండికి తాకొద్దని నాకు నేనే ఇంకో రూలు పెట్టుకున్న. బాసింపట్టు ఏసి కూసున్న, తిమ్మిర్లెక్కి ఏడుపొస్తంది. ఎదురుంగ బురఖా ఏసుకున్న పెద్దామె, ఆమెది గూడ మన పాతబస్తీనే, "క్యా బేటీ, పాఁవ్ కో క్యా హువా?" అని నా కాళ్లకేమైందో అడిగింది. నాకొచ్చిన ఉర్దూల మొక్కు కథంత చెప్పిన. ఆమె నవ్వలే. తన పరుపు చుట్ట కిందికి గుంజి, "ఇస్‌పే రఖ్. యే రైల్ నై, మేరా బిస్తర్ హై" అన్నది, అంటే దీని మీద పెట్టు, ఇది రైలు గాదు, నా పరుపు అని. గద్వాల దాక పరుపు మీద కాళ్లు పెట్టుకొని మహారాణి లెక్క పొయ్యిన. అక్క నన్ను సూసి ఏడ్సింది, నేను ఏడ్సిన, పిల్ల మాత్రం నిద్ర పొయ్యింది. గాజులు తొడిగి, ఒక్క పూట ఎత్తుకొని, మల్ల రైలెక్కిన.

వచ్చేసరికి వాన కొట్టి ఎలిసింది. నా పానం పొయ్యింది. సత్రం కాడికి ఉరికిన. బండ మీద అన్నం వార్చే పెద్ద తాంబాళం బోర్లేసి, దాని పక్కన మా అత్త తడిసి ముద్దై కూసున్నది. పొద్దటి నుంచి లేవలేదంట. ఊడ్సే ఆమె వచ్చి "జరుగవ్వా, ఊడ్వాలె" అంటే, "ఆడ మా కోడలు నిలవడ్డది, కనవడ్తలేదా? సుట్టు తిరిగి ఊడువు" అన్నదంట! తాంబాళం తీసిన్రు. గీత గీసినట్టే ఉన్నది. అందరు మూగిన్రు. నేను కాలు పెట్టిన. పట్టింది, కాని సుట్టూ ఏలెడు జాగ మిగిలింది. దినమంత నడవని, రైల్ల పరుపు మీద పెట్టిన కాలు, వాపు దిగింది గద! "ఇది ఆ కాలు గాదు" అన్నడు భజన తాత. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా అత్త నడుం పట్టుకొని లేచి, "ఓ తాతా, ఇయ్యాల ఎందుకు ఆగినం? కాళ్ల వాపు దిగాలెనని నువ్వే చెప్తివి. దిగింది. నీ మాట ఇన్న కాలును నువ్వే ఒద్దంటవా?" అన్నది. గుంపు గుంపంత పకపక నవ్వింది. తాత గూడ నవ్వు ఆపుకోలేక తాళాలు అందుకున్నడు.

అందరి కాళ్ల వాపు దిగింది, ఒక్క మా అత్తయి తప్ప. వానల గొంతుక్కూసొని ఆమె కాళ్లు ఇంకింత వాచినయ్. నేను నూనె రాస్తుంటే, "మీ అక్క పొల్ల ఎవరి పోలిక?" అని ఒక్కటే అడిగింది. అక్క పోలికంటే, "మంచిది" అని అటు మర్లి పండుకున్నది. తెల్లారి అందరికంటే ముందట నడిసింది. ఇప్పుడు నాకు అప్పటి ఆమె వయసు దాటింది బిడ్డా, నా కాళ్లు గూడ గట్లనే వాస్తున్నయ్. ఒక్కోపారి అనుకుంట, గంత వానల ఒక బొగ్గు గీతకు కావలి కూసునుడు నాతోనైతదా అని. మీ అమ్మ వాళ్లక్క కాడికి పోతనంటే నేను మూతి ముడుస్త, నీకు ఎరుకే (ఇది రాయకు. లేదు, రాయి, రాయి). నిజం చెప్పాలంటే, మీ అమ్మ కోసం నేనైతే...

"అత్తమ్మా! అన్నం సల్లారుతుంది, రారి!"

వస్తున్ననమ్మా! బిడ్డా, జర చెయ్యియ్యి, లేపు. యాడున్నం? ఆఁ, మీ అమ్మ కోసం నేనైతే పొద్దంత కావలి కూసుంట. ఇది గూడ రాయి.