రెండు చెంచాల పొడి, ఒక శీలావతి

మాది తాడేపల్లిగూడెం. నాన్న అక్కడో రైసుమిల్లులో మిషన్లు చూసేవారు. నేను పరిశోధన పేరుతో అయస్కాంతపు పొడిని ఉక్కు గుళ్ళతో పాటు ఉక్కు డబ్బాలో వేసి గిరగిరా తిప్పేదాన్ని. తిప్పేకొద్దీ రేణువులు నలిగిపోయి, పొడికి ఉన్న అయస్కాంతపు లాగుడు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిచి చెప్పడమే నా పని. ఇది పనీపాటా లేనివాళ్ళు చేసే పనని మా అమ్మ అభిప్రాయం.

కాలేజీలో కరెంటు నిలిచేది కాదు. మిల్లులో జనరేటరుంది కదా అని, యజమాని గారిని బతిమాలి నా మిషను అక్కడ పెట్టించారు నాన్న. రోజుల తరబడి ఆడిస్తే రెండు చెంచాల పొడి తయారైంది. మంగళవారం దాన్ని హైదరాబాదులో కొలిపించాలి. ఆ తేదీ కోసం మా గైడు గారు నెలల తరబడి కాళ్ళావేళ్ళా పడ్డారు. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో దేవుడికే తెలియాలి.

"గుళ్ళు అరిగి ఇనుము కలిసిందంటే లెక్కంతా తప్పుతుంది నాన్నా" అని నేనే ఆయన దగ్గర వాపోయాను.

రైసుమిల్లులో ధాన్యం జారే చోట ఓ అయస్కాంతం పెడతారు. మేకులూ ఇనప ముక్కలూ దానికి అంటుకుంటే తీసి పారేస్తారు. అంటుకున్నది చెత్త, అంటుకోనిది సరుకు. నాన్న జీవితమంతా ఆ ఒక్క సూత్రం మీదే నడిచింది.

ఆదివారం నేను చర్చి నుంచి మిల్లుకి వచ్చేసరికి ఆయన చెమటలు కక్కుతూ కూర్చున్నారు. "ఎవరమ్మా నీకీ సరుకు అంటగట్టింది? తీసేకొద్దీ ఇనుమే! అయస్కాంతం పెట్టి మొత్తం ఏరేశాను" అని సీసా అడుగున మిగిలిన చిటికెడు చూపించారు.

"నాన్నా, అంటుకున్నదే నా పొడి!"

ఆయన ముఖం పాలిపోయింది. ఏరినదంతా పొట్లం కట్టి తవుడు బస్తాల మీద పెట్టారట. చేపల మేతకని ఆ బస్తాలు తీసుకెళ్ళిన చెరువులవాళ్ళు అది చేపల మందనుకుని పట్టుకుపోయారు.

వెంటనే మోపెడ్ వేసుకుని, ఉండి అనే ఊళ్ళో చేపల చెరువుల దాకా వెళ్ళారు. సాయంత్రం చేతిలో పెద్ద శీలావతి చేపతో తిరిగొచ్చారు.

"తవుట్లో కలిపేసి, చేపలు తినడానికి సంచుల్లో పోసి చెరువులో కట్టేశారమ్మా. పాపం, చాలా బాధపడ్డారు. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్తారేంటండీ అని ఇది ఇచ్చారు."

అమ్మ చేప కోసింది. నాన్న అయస్కాంతం తెచ్చి పేగులకు ఆనించి చూశారు. ఏమీ అంటుకోలేదు. "దీని దాకా రాలేదనుకుంటానమ్మా" అన్నారు దిగులుగా. అప్పటిదాకా పళ్ళు నూరుతున్నదాన్ని పకపకా నవ్వేశాను, ఆ వెంటనే ఏడ్చేశాను. పులుసు అద్భుతంగా కుదిరింది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మంగళవారం తేదీ ఇంకెవరికో పోయింది. నేను మళ్ళీ మొదటినుంచి ఆడించడం మొదలుపెట్టాను. "లోపలికి రండి నాన్నా" అంటే, "వద్దులేమ్మా, నా చెయ్యి మంచిది కాదు" అన్నారు. ఆ మిల్లులో ప్రతి బోల్టూ తెలిసిన మనిషి, నా మిషను తిరిగినన్నాళ్ళూ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డారు.