ఇద్దరికి ఒక్క జత బూట్లు

“...శనగలు పోస్తే పోసినవు గని, మల్ల నీళ్ళెందుకు పోసినవు వదినా?”

“నీళ్ళు పొయ్యకుంటే శనగలెట్ల ఉబ్బుతయి? ఉబ్బకుంటే బూటెట్ల సాగుతది?”

“సాగితే మా ఆయన కాలు అండ్ల గంట లెక్క కొట్టుకుంటది గద.”

“మీ ఆయన నాకు తోడబుట్టినోడే. వాని కాలెంతనో నాకు తెల్వదా? పుట్టినప్పుడు పిల్లికూన కాళ్ళే నయముండె.”

వాకిట్లో మంచం మీద కూర్చుని మడమలకు పసుపు రాసుకుంటున్న మొగిలి తల ఎత్తలేదు. భార్య పోశవ్వ, అక్క లింగవ్వ తన కాళ్ళ గురించి పొద్దున్నే పోట్లాడుకోవడం అతనికి అలవాటైపోయింది.

మొగిలి, లింగవ్వ భర్త రాయమల్లు కమాన్‌పూర్ నుంచి చేను వదిలి వచ్చి గోదావరిఖని బొగ్గుగనిలో బదిలీ పనివాళ్ళుగా చేరారు. పర్మనెంటు మనిషి రాని రోజున వీళ్ళకు డ్యూటీ, డ్యూటీకొక మస్టరు, అంటే హాజరు. మొగిలి పర్మనెంటు కావడానికి ఇంకా ఏడు మస్టర్లు కావాలి. సంవత్సరం ముగియడానికి ఏడు డ్యూటీ రోజులే మిగిలాయి. ఒక్కటి తప్పినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

బూట్లు లేనివాణ్ణి గనిలోకి దిగనివ్వరు. ఒకరు మొదటి షిఫ్టుకు, ఒకరు రెండో షిఫ్టుకు పోయేటప్పుడు రెండు జతలెందుకన్నది లింగవ్వ. రాయమల్లువి చాటంత పాదాలు. మొగిలివి దోసిట్లో పట్టేవి. దుకాణంలో “నీ కాలుకు చూడు బావా” అని మొగిలి, “వద్దు, నీ కాలుకే చూడు” అని రాయమల్లు ఒకరినొకరు గౌరవించుకుంటుంటే, సేటు విసిగిపోయి మధ్య సైజు కట్టిచ్చాడు. అప్పటినుంచి రాయమల్లు వేళ్ళు లోపల ముడుచుకునేవి, మొగిలి మడమలు లోపల జారేవి. ఆ తోలును లింగవ్వ నానిన శనగలతో సాగదీసేది. తెల్లారి పోశవ్వ పొయ్యి పక్కన ఎండబెట్టి ముడుచుకుపోనిచ్చేది.

ఆ రోజు ఎండబెట్టడానికి వ్యవధి లేకపోయింది. మొగిలి తడి బూట్లే తొడుక్కుని రెండు మైళ్ళు నడిచాడు. చేతిలో పట్టుకుపోతే బజారులో జనం నవ్వుతారని అతని బెంగ. గనిలో ఏటవాలు దారి. దిగుతుంటే వేళ్ళు ముందుకు తన్నుకున్నాయి, వాటి కింద ఏదో దొర్లింది. బొగ్గు దగ్గర కూర్చుని బూటు బోర్లిస్తే పిడికెడు శనగలు రాలాయి.

“గుగ్గిళ్ళా? ఉప్పేసినవా లేదా?” అన్నాడు పక్కన తట్ట నింపుతున్న బిక్షం.

ఎక్కేటప్పుడు మడమలు చితికాయి. గనిలోకి ఎవరు దిగాలో చూసే సర్దార్ పైన అది గమనించాడు.

“రేపు గిట్లనే కుంటుకుంట వస్తే దిగనియ్య. కింద పైకప్పు కూలితె ఉరుకాలె, నడుసుడే రాకపోతె ఎట్ల?”

దీపం తిరిగి ఇవ్వడానికి లాంపురూముకు వెళ్తే, అక్కడ పనిచేసే ముసలి అలీముద్దీన్ కిటికీలోంచి కిందికి చూశాడు.

“ఇంటినుంచే తొడుక్కొని వస్తున్నవా?”

“ఔ, అలీ కాకా.”

“పెండ్లికొడుకువా? చేతిల పట్టుకొని రా, ఈడ తొడుగు. పాత చీర పేలిక పాదానికి సుట్టు, మడత పడొద్దు. మడత ఉన్నకాడనే పొక్కు లేస్తది. దిగేటప్పుడు లేసు గట్టిగ గుంజు, వేళ్ళు ముందుకు పోవు. ఎక్కేటప్పుడు మీది రెండు బొందల లేసు ఇడువు, మడిమ కాడ మాత్రం ఇడువకు. చీలమండ వంగాలె, మడిమ జారొద్దు. సమజైందా?”

సమజైంది. పోశవ్వ చీర చింపింది. మరుసటి రోజు బూట్లు మెడలో వేసుకుని బజారు దాటుతుంటే నిజంగానే నలుగురు నవ్వారు. సర్దార్ మాత్రం అతని నడక చూసి దిగనిచ్చాడు.

మూడు రోజులు గడిచేసరికి పొక్కులు ఎండాయి. అయితే పేలికలు చుట్టిన పాదానికి ఇప్పుడు బూటు బిగుతైంది. పోశవ్వే శనగలు నానబోయడం చూసి లింగవ్వకు అనుమానం పుట్టింది. ఇందులో ఏం మతలబు ఉందో తెలియక రెండు రోజులు మరదలితో మాట్లాడలేదు.

ఆరు మస్టర్లు పడ్డాయి. ఆ రోజు డ్యూటీ దొరకని రాయమల్లు, సాయంత్రం రేపటి జాబితా చూసి ఇంట్లోకి వస్తూనే గడప మీద కూలబడ్డాడు.

“రేపు నాకు గూడ మొదటి షిఫ్టే ఏసిండ్రు.”

పిలిచిన రోజు పోకపోతే బదిలీ మనిషి పేరు జాబితా అడుక్కు పోతుంది. రాయమల్లుకు ఇంకా నలభై మస్టర్లు కావాలి, రేపటితో ఈ సంవత్సరం లెక్క ముగుస్తుంది. ఎవరినైనా అడుగుదామంటే, వాడలో బూట్లున్న వాళ్ళందరూ రేపు పొద్దున వాటిలోనే ఉంటారు.

“చెరొకటి తొడుక్కుంటే?” అన్నాడు రాయమల్లు.

“సర్దార్ చెరొక కాలే దిగనిస్తడు, అన్నా,” అన్నది పోశవ్వ.

బావ ముందు తన ఏడో మస్టరు మాట ఎత్తడానికి మొగిలికి మొహం చెల్లలేదు. పోశవ్వ మొగుడి వైపు, ఆడబిడ్డ వైపు మార్చి మార్చి చూసింది.

లింగవ్వ లేచి బూట్లలోని శనగలు చేటలోకి వంచింది. లోపల చెయ్యి పెట్టి తడి చూసింది.

“పొద్దుగాల మొగిలి దిగుతడు,” అన్నది భర్తతో. “నువ్వు ఊరికి పోయి చేను దున్ను.”